పాత అంబాసిడర్‌కు కొత్త ఇంజన్



కొత్తగా కొన్న బండిని తుని పక్కన లోవకు తీసుకెళ్ళి, తలుపులమ్మ తల్లి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే పనిలో పెట్టడం మన ప్రాంతంలో ఆనవాయితీ. లారీ అయినా, ఆటో అయినా, ట్రాక్టరు అయినా, అద్దం మీద తలుపులమ్మ పేరు రాయించుకున్న బండి కంటబడని రోజు ఉండదు. ఆ వరుసలో ఒకప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా నిలబడిన కారు అంబాసిడర్. అన్నవరం పెళ్ళిళ్ళకూ, కాకినాడ ఆసుపత్రులకూ, రాజమండ్రి స్టేషనుకూ జనాన్ని మోసిన కారు అది. ఇవాళ అవి చాలావరకు తుక్కు కొట్లకు చేరిపోయాయి. మిగిలినవాటిని కొందరు ఇష్టంగా బయటికి తీసి, నట్టు నట్టూ విప్పి, మళ్ళీ కూర్చుకుంటున్నారు. అలా కూర్చేటప్పుడు పాత ఇంజన్‌నే ఉంచాలా, ఈ కాలపు ఇంజన్ ఎక్కించాలా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. కొత్త ఇంజన్ పెట్టుకోవడం తప్పు కాదనీ, ఆ కారు స్వభావానికి అది విరుద్ధం కాదనీ నా వాదన. అయితే బాడీ, బ్రేకులు, ఇరుసు, గొట్టాలు, వైర్లు ఆ ఇంజన్‌కు తగినట్టు తయారయ్యాకే అది బానెట్ కిందికి దిగాలి. ఇంజన్ మార్పు ఈ పనిలో చివరి మెట్టు. మన దగ్గర చాలామంది దాన్ని మొదటి మెట్టు చేసుకుంటున్నారు, చిక్కంతా అక్కడే.

ముందు ఆ కారు పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. 1956లో ఇంగ్లండులో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అంబాసిడర్‌కు మూలం. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ ఆ నమూనాను తెచ్చుకుని, బెంగాల్లో హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తరపారా కర్మాగారంలో తయారు చేసింది. 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అర్ధ శతాబ్దం దాటినా గుండ్రటి పైకప్పు, లావుపాటి తలుపులు, ఎత్తైన సీట్లు పెద్దగా మారలేదు. ముందు జాలీ మారింది, లైట్లు మారాయి, డ్యాష్‌బోర్డు మారింది. అన్నిటికన్నా ఎక్కువగా మారింది ఇంజనే. మొదట్లో పెట్టింది 1476 సీసీ సైడ్ వాల్వు ఇంజన్. కొద్దికాలానికే దాన్ని పక్కన పెట్టి, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ సిరీస్ ఇంజన్ తెచ్చారు. అది 1489 సీసీ, వాల్వులు హెడ్డులో ఉండే రకం. మనలో చాలామందికి తెలిసిన అంబాసిడర్ చప్పుడు దానిదే. 1980 ప్రాంతంలో అదే కుటుంబానికి చెందిన డీజిల్ ఇంజన్ వచ్చింది. దాని శక్తి 37 హార్స్‌పవర్ మాత్రమే. అయినా డీజిల్ చౌక కాబట్టి టాక్సీవాళ్ళు దాన్నే పట్టుకున్నారు. 1992లో జపాను కంపెనీ ఇసుజు 1800 సీసీ పెట్రోలు ఇంజన్ ఎక్కింది. 75 హార్స్‌పవర్, ఐదు గేర్లు. స్టీరింగ్ పక్కనుండే గేరు కర్ర కిందికి, ఫ్లోరు మీదికి దిగింది. ఆ తర్వాత ఇసుజు రెండు లీటర్ల డీజిల్ కూడా వచ్చింది.

ఈ వరుసను నిదానంగా ఆలోచించండి. ఇంగ్లీషు బాడీలో జపాను ఇంజన్ పెట్టింది ఊళ్ళో షెడ్డు మేస్త్రీ కాదు, స్వయానా కంపెనీ. హిందుస్థాన్ మోటార్స్ 1984లో తెచ్చిన కాంటెస్సాలోనూ ఇదే జరిగింది. వాక్సాల్ బాడీలో మొదట అంబాసిడర్ ఇంజనే పెట్టారు. అంత పెద్ద బాడీని అది లాగలేకపోతుంటే తర్వాత ఇసుజు ఇంజన్ తెచ్చారు. మహీంద్రా జీపుల సంగతీ అంతే. విల్లీస్ హరికేన్ పెట్రోలు ఇంజన్‌తో మొదలైన జీపులో, డీజిల్ కోసం కంపెనీ ఏకంగా ఇంటర్నేషనల్ ట్రాక్టరు ఇంజన్‌నే పెట్టింది, ఆ తర్వాత ప్యూజో ఇంజన్ తెచ్చింది. విదేశాల్లో 1962లో కారల్ షెల్బీ బ్రిటిష్ ఏసీ కంపెనీ కారులో ఫోర్డ్ వీ8 ఇంజన్ పెట్టించి కోబ్రా అన్నాడు. ఈనాడు సంగ్రహకులు కోట్లు పెట్టి కొనే కార్లలో అదొకటి. కారుకూ ఇంజన్‌కూ ఉన్నది విడదీయరాని బంధం కాదని తయారీదారులే పదే పదే చూపించారు.

మరి కారు గుర్తింపు దేనిలో ఉంటుంది? ఈ ప్రశ్నకు ఒక ప్రభుత్వం అంకెల్లోనే జవాబు చెప్పింది. భారీగా మార్చిన పాత బండికి పాత నంబరు ఉంచాలా వద్దా అని తేల్చడానికి బ్రిటన్ రిజిస్ట్రేషన్ శాఖ చాలా ఏళ్ళపాటు ఒక మార్కుల పద్ధతి నడిపింది. అసలు ఛాసిస్ లేదా బాడీ షెల్ మార్పు లేకుండా ఉంటే 5 మార్కులు. సస్పెన్షన్, ఇరుసులు, గేర్ బాక్సు, స్టీరింగ్ ఒక్కోదానికి 2. ఇంజన్‌కు 1 మార్కు. మొత్తం 8 వస్తే, బాడీ అసలుదే అయితే, ఆ బండి పాత బండే. కారును కారుగా నిలబెట్టేవాటిలో ఇంజన్‌ది ఆఖరి స్థానమని ఆ లెక్క. అంబాసిడర్ విషయంలో ఇది అక్షరాలా నిజమని నా అభిప్రాయం. వెనక సీట్లో ముగ్గురు కాదు, నలుగురు సర్దుకుని కూర్చోగల వెడల్పు, గోతుల రోడ్డు మీద కూడా నడుం నొప్పి తెలియనివ్వని ఆ ఊపు, తలపాగా తగలని పైకప్పు ఎత్తు, వీటికోసం ఆ కారును ప్రేమించారు. కార్బొరేటర్ పొద్దున్నే మొరాయించే తీరును ఎవరూ ప్రేమించలేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 1966 నుంచి పనిచేస్తోంది. అది ఆమోదించిన ట్యూరిన్ ప్రకటన పాత బండిని చారిత్రక సాక్ష్యంగా చూడమంటుంది. తయారైన కాలపు పనితనం, లోహం, ఆలోచన అందులో ఉన్నాయి, వాటిని చెరిపేస్తే రేపటివాళ్ళకు చూపడానికి ఏమీ మిగలదు అన్నది ఆ వాదన సారం. ఇది తేలిగ్గా తోసిపుచ్చదగ్గ మాట కాదు. మొదటి తరం అంబాసిడర్, పుట్టుకతో వచ్చిన ఇంజన్ నంబరు ఆర్సీతో సరిపోతూ, లోపలి సీటు గుడ్డతో సహా నిలిచి ఉంటే, దాని జోలికి పోకూడదు. అలాంటిది మ్యూజియంకు చెందిన వస్తువు, ఇంజన్‌ను రీబోర్ చేయించి యథాతథంగా ఉంచడమే ధర్మం. కానీ మన ఊళ్ళలో మిగిలినవాటిలో అలాంటివి ఎన్ని? చాలా బండ్లలో పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ పెట్టారు, డీజిల్ తీసి మరో డీజిల్ పెట్టారు, బాడీకి నాలుగు రంగులు మార్చారు. ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి నిలబెట్టిన బండిలో కాపాడటానికి అసలుతనం ఏముంది? కాపాడాల్సింది దాని వాడకాన్ని. గోదావరి జిల్లాల మండువా ఇళ్ళకు కరెంటు తీగలు లాగినప్పుడు, నూతికి మోటారు బిగించినప్పుడు అవి మండువా ఇళ్ళు కాకుండా పోలేదు. మనుషులు వాటిలో ఉండబట్టే ఇంకా నిలిచి ఉన్నాయి. ఫీవా కూడా 2019లో, విద్యుత్ మోటార్లకు మార్చిన పాత కార్ల గురించి మాట్లాడుతూ, మార్పు వెనక్కి తిప్పుకోగలిగేదిగా ఉండాలని గట్టిగా చెప్పింది. మన ఇంజన్ మార్పుకూ ఆ నియమాన్నే పెట్టుకుందాం. కోత లేకుండా, బోల్టులతో బిగించి, పాత ఇంజన్‌ను నూనె పూసి దాచగలిగితే, రేపు ఎవరైనా దాన్ని తిరిగి ఎక్కించుకోవచ్చు.

ఇక అసలు విషయానికి, అంటే ఇంజన్‌కు ముందు చేయాల్సిన పనులకు వస్తాను. మొదటిది బ్రేకులు. తుని మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి ఇప్పుడు డివైడరుతో ఉన్న రోడ్డు. ఇలాంటి నాలుగు వరసల రోడ్ల మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల వేగం దాకా 2018లో కేంద్రం అనుమతించింది. అంబాసిడర్‌ను గీసిన రోజుల్లో మన రోడ్ల మీద 60 అంటే మంచి వేగం. 60లో ఉన్న బండి మోసే శక్తితో పోలిస్తే 100లో ఉన్న అదే బండిలో శక్తి దాదాపు 2.8 రెట్లు, ఎందుకంటే ఆ శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు ఆ శక్తి మొత్తం వేడిగా మారి బ్రేకు డ్రమ్ముల్లోకి పోవాలి. పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది, లైనింగ్ పట్టు తగ్గుతుంది, పెడల్ కిందికి పోతూ ఉంటుంది, బండి ఆగదు. ఇంజన్ మార్చినవాళ్ళు ఎంత లాగుతుందో చెబుతారు గానీ ఎంతలో ఆగుతుందో చెప్పరు. ముందు చక్రాలకు డిస్కులు, బ్రేకు బూస్టరు, రెండు విడి లైన్లుగా పనిచేసే మాస్టర్ సిలిండరు ఎక్కించాకే కొత్త ఇంజన్ గురించి మాట్లాడాలి. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. తర్వాతి కాలపు అంబాసిడర్లకే ముందు డిస్కులు వచ్చాయి, ఆ సామాను ఆ ఇరుసుకే అతుకుతుంది.

రెండోది తుప్పు. జీపుకు విడిగా ఛాసిస్ ఉంటుంది, దాని మీద ఏ ఇంజన్ మౌంటింగ్ అయినా వెల్డింగ్ పెట్టవచ్చు. అంబాసిడర్‌కు అలా కాదు, బాడీయే ఛాసిస్. ఇంజన్ బరువు, గుంజుబాటు, గోతుల దెబ్బలు అన్నీ ఆ రేకు పెట్టెలే మోస్తాయి. తలుపుల కింది సిల్లులు, ఫ్లోరు, ముందు రెయిళ్ళు మన సముద్రపు గాలికి, వానాకాలపు చెమ్మకు లోపలి నుంచి తుప్పు పట్టిపోతాయి. పైన లప్పం పట్టించి రంగు కొడితే మెరుస్తుంది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. అలాంటి బాడీలో బరువైన నాలుగు సిలిండర్ల డీజిల్ పెడితే ఆ అదురుకు రెయిళ్ళు మౌంటింగుల దగ్గరే చీలుతాయి. టెంపో ట్రాక్స్‌లో వచ్చిన, మెర్సిడెస్ మూలంగల డీజిల్ చాలామందికి ఇష్టం, బలమైనది కూడా. కానీ అంబాసిడర్ ముందు భాగానికి అది ఎక్కువ బరువు. తేలికైన అల్యూమినియం ఇంజన్ పెట్టేవాళ్ళకు ఇబ్బంది మరో వైపు నుంచి వస్తుంది. పోతపోసిన ఇనుప ఇంజన్ బరువుకు సరిచేసిన ముందు టార్షన్ బార్లు అప్పుడు ముక్కును పైకెత్తేస్తాయి, వాటిని మళ్ళీ సర్దాలి. అందుకే టింకరింగ్ పని పూర్తిగా అయి, కుళ్ళిన రేకంతా కోసి కొత్త రేకు వేసి, లోపల మైనం పూత పట్టించాకే ఇంజన్‌ను వేలాడదీసే క్రేనును పిలవాలి.

ఏ ఇంజన్ అన్నదానికి నా జవాబు సూటిగానే ఉంటుంది. ఈనాటి చిన్న కార్ల ఇంజన్లు చాలావరకు బానెట్ కింద అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతాయి. అంబాసిడర్‌లో ఇంజన్ పొడవునా కూర్చుని జాయింట్ షాఫ్టుతో వెనక చక్రాలను తిప్పాలి. కాబట్టి పొడవునా కూర్చునే ఇంజనే, దాని సొంత గేర్ బాక్సుతో సహా కావాలి. కంపెనీయే ఎక్కించిన ఇసుజు 1800 అన్నిటికన్నా తెలివైన ఎంపిక. మౌంటింగులు, గేరు టన్నెల్, షాఫ్టు కొలత అన్నీ ఆ బాడీకే రూపొందించినవి. అది దొరక్కపోతే మారుతి జిప్సీలోని 1300 సీసీ ఇంజన్. అది పొడవునా కూర్చుంటుంది, ఇంజెక్షన్ రకం 80 హార్స్‌పవర్ ఇస్తుంది, తేలిక. ఇంతకుమించిన శక్తి ఆ ఇరుసుకు, ఆ స్టీరింగుకు అనవసరం. 150 హార్స్‌పవర్ ఎక్కించి గొప్ప చెప్పుకునేవాళ్ళు వెనక ఇరుసులోని క్రౌన్ పినియన్ పళ్ళు ఎంతకాలం ఉంటాయో కూడా ఆలోచించాలి. ఆ పళ్ళ నిష్పత్తి తక్కువ శక్తి గల పాత ఇంజన్‌కు సరిపడేది. దాన్ని మార్చకుండా కొత్త ఇంజన్ పెడితే బండి అరుస్తుంది గానీ పరిగెత్తదు, మైలేజీ కూడా పోతుంది.

చిన్నవిగా కనబడే గొట్టాలు, వైర్లు అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. కార్బొరేటర్‌కు పెట్రోలు దాదాపు ఒత్తిడి లేకుండానే వస్తుంది. ఇంజెక్షన్ ఇంజన్‌కు వాతావరణ పీడనానికి మూడు రెట్ల దరిదాపు ఒత్తిడి కావాలి. పాత రబ్బరు గొట్టాన్ని అలాగే ఉంచి కొత్త పంపు పెడితే, అది చిట్లి వేడి సైలెన్సరు మీద పెట్రోలు చిమ్మడానికి ఎంతోసేపు పట్టదు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, తేమను పీల్చి ట్యాంకు తుప్పు పట్టిస్తుంది. ఇంజన్ మార్చకుండా పాతదే ఉంచుకునేవాళ్ళు కూడా గొట్టాలు, డయాఫ్రాములు మార్చుకోక తప్పదు. వైరింగ్ సంగతీ అంతే. డైనమో ఖాళీ తిరుగుడులో తగినంత కరెంటు ఇవ్వదు, ఇంజన్ కంప్యూటరుకు నిలకడైన 12 వోల్టులు కావాలి. ఆల్టర్నేటరు, కొత్త ఎర్తు, దాత బండి నుంచి మొత్తం వైరు కట్ట, సెన్సార్లు, కంప్యూటరు, తాళంతో సహా ఒకేచోట కొనాలి. ఒక్కో ముక్క ఒక్కో కొట్లో ఏరుకుంటే ఆ బండి షెడ్డులోనే ముసలిదైపోతుంది.

ఇంజెక్షన్ ఇంజన్ పెడితే మన ఊరి మేస్త్రీ బాగుచేయలేడు, పాతదైతే స్పానరు, స్క్రూడ్రైవరు ఉంటే చాలు కదా అంటారు. పాతికేళ్ళ కిందట అది సరైన మాట. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. తునిలోనూ పాయకరావుపేటలోనూ స్కానరు పెట్టి లోపం చెప్పగల కుర్రవాళ్ళు ఉన్నారు. కార్బొరేటర్ ట్యూనింగును చెవితో విని సరిచేసే పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పని మానేస్తున్నారు, వాళ్ళ దగ్గర ఆ విద్య నేర్చుకునేవాళ్ళు లేరు. బీ సిరీస్ ఇంజన్‌కు అసలైన సామాను దొరకడం ఏటేటా కష్టమవుతుంది, జిప్సీ సామాను ఇంకా చాలాకాలం దొరుకుతుంది. ఇంత డబ్బు పోసే బదులు కొత్త కారే కొనుక్కోవచ్చు కదా అన్న ప్రశ్నకు నేను వాదించను. డబ్బు ఒక్కటే లెక్క అయితే కొత్త కారే లాభం, అందులో సందేహం లేదు. ఈ మాటలు ఆ లెక్క దాటి ఆ కారును ఉంచుకోదలచినవాళ్ళకు చెబుతున్నవి.

చివరగా చట్టం. దీన్ని దాటేసి మాట్లాడటం బాధ్యత కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట చెప్పిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో, కేరళ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్న శిక్ష వచ్చింది. అనుమతితో ఇంజన్ మార్చినా 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఇన్సూరెన్సు పాలసీలోని ఇంజన్ నంబరూ బండిలోని నంబరూ వేరైతే ప్రమాదం జరిగిన రోజున క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ఆ ఇంజన్ ఏ బండిలోంచి దిగింది, ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిందా అన్న కాగితం లేకపోతే దొంగ సొత్తు కొన్నట్టు కూడా అవుతుంది.

శిక్ష సరే, మరి దారి ఏది? ఇక్కడ చట్టంలో నాకు అర్థంకాని ఖాళీ ఒకటి కనిపిస్తోంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబర్లు ఇచ్చింది. 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్పు లేకుండా ఉన్నవాటికే ఆ గౌరవం, వాటిని రోజువారీ పనికి వాడకూడదు. మంచిదే. ఇంకోవైపు, ఆమోదించిన కిట్‌తో గ్యాసుకో బ్యాటరీకో మార్చుకోవడానికి 52వ సెక్షనే వీలు కల్పించింది. అంటే పాత ఇంజన్‌ను పూర్తిగా తీసి విద్యుత్ మోటారు పెట్టడానికి దారి ఉంది. అదే పాత ఇంజన్ తీసి, తక్కువ పొగ వదిలే పెట్రోలు ఇంజన్ పెట్టడానికి అలాంటి దారి లేదు. దారి లేనంత మాత్రాన మార్పులు ఆగలేదు, చాటుమాటుగా సాగుతున్నాయి, బ్రేకులు ఎవరూ పరీక్షించకుండా రోడ్డెక్కుతున్నాయి. నియమం వదులు చేస్తే ఎవరు పడితే వాళ్ళు ఏది పడితే అది బిగిస్తారన్న భయం సమంజసమే. దానికి మందు పరీక్ష. ఏ మోడలుకు ఎంత శక్తి దాకా, ఏ బ్రేకులతో, ఏ ఉద్గార ప్రమాణంతో అన్నది కాగితం మీద పెట్టి, బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి సంతకం పెట్టే పద్ధతి ఉంటే ఆ భయం తీరుతుంది. ప్రత్యేక అవసరాలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని అదే సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది, కొత్త చట్టం చేయనవసరం లేదు.

అంబాసిడర్ విప్పి పెట్టుకున్న శ్రోతలకు నా మనవి ఇది. ఇంజన్ కోసం అడ్వాన్సు ఇచ్చే ముందు ఆర్సీ పట్టుకుని రవాణా శాఖ కార్యాలయానికి వెళ్ళండి, మీ బండికి ఏది కుదురుతుందో రాతపూర్వకంగా అడగండి. అదే మోడలుకు కంపెనీ బిగించిన ఇంజన్‌నే అడగండి, దాన్ని సమర్థించుకోవడం తేలిక. అనుమతి వచ్చేలోగా బాడీ, బ్రేకుల పని పూర్తి చేయించుకోండి. దించిన పాత ఇంజన్‌ను తుక్కుకు అమ్మకండి. రవాణా శాఖ పెద్దలకూ, కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖకూ చేసే విజ్ఞప్తి కూడా ఒకటే: పాత బండికి పరీక్షించి అనుమతించే దారి తెరవండి.